శుభస్వీకారం: దివిసీమలో అనవసాద సాధన

దివిసీమలో పెద్దలు "అంతా మంచే జరుగుతుంది" అన్న మాటను తేలికగా పలుకరు. పులిగడ్డ వద్ద కృష్ణవేణి రెండు పాయలుగా చీలి, వాటి నడుమ సముద్రపర్యంతం విస్తరించిన ఈ సీమలో మంచి జరగకపోవడం ఎటువంటిదో కన్నులారా చూచినవారు ఇంకను ఉన్నారు. 1977 నవంబరు 19, శనివారం. కార్తిక మాసం, శుక్లపక్షం. వరి కోతకు దగ్గరపడుతున్న కాలం. ముందు గాలి వచ్చినది, దాని వెనుక సముద్రమే లేచి వచ్చినది. సుమారు 5 మీటర్ల ఎత్తున ఆ జలరాశి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల గ్రామాలమీదుగా సాగిపోయినది. ప్రభుత్వ గణన ప్రకారమే మృతులు 10,000కు మించినారు; నిజసంఖ్య దానికంటె ఎంతో అధికమని ఆ సీమవారి నమ్మకం. నీరు అంతిమంగా ఆగినచోట, అవనిగడ్డలో, స్మారకం నిలిపినారు.

అంతకు 113 సంవత్సరాల పూర్వం, 1864 నవంబరు 1న, మచిలీపట్నం ఇదే విధంగా మునిగినది. నాడు సుమారు 30,000 మంది మరణించినారని చరిత్ర. అనగా ఈ తీరానికి ఉప్పెన ఆకస్మికం కాదు. తరతరాలకు ఒకసారి తలుపు తట్టే అతిథి వంటిది.

ఇటువంటి చోట నిలుచుండి "సానుకూల దృక్పథం" అన్న పదాన్ని ఉచ్చరించవలెనంటే కొంత సంకోచం కలగడం సహజం. ప్రతిదినం ప్రభాతవేళ చరవాణులలో గులాబీపువ్వు చిత్రంతోపాటు వచ్చే "పాజిటివ్‌గా ఆలోచించండి" అన్న ఉపదేశం, బిడ్డను కోల్పోయిన తల్లి ముందు ఉంచితే ఏమౌతుంది? అది ఓదార్పు కాదు, ఒక విధమైన హింస. దుఃఖించడం కూడా ఆమె దోషమేనని పరోక్షంగా చెప్పినట్లౌతుంది. శాస్త్రం ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. శాస్త్రం చెప్పినది వేరు. అది మరింత కఠినం, మరింత దయాన్వితం.

భగవద్రామానుజులు శ్రీభాష్య ప్రారంభంలో, జిజ్ఞాసాధికరణంలో, ప్రాచీన వాక్యకారులు చెప్పిన ఏడు సాధనాలను స్వీకరించినారు. వివేకం, విమోకం, అభ్యాసం, క్రియ, కల్యాణం, అనవసాదం, అనుద్ధర్షం. వీనిలో మొదటి ఐదింటిని గూర్చి ప్రవచనాలు తరచుగా వినబడతాయి. చివరి రెండింటిని తొందరగా దాటిపోతారు, సమయం మించిపోవడం చేత కాబోలు. కాని కృష్ణా డెల్టా దిగువభాగంలో నివసించేవారికి ఆ రెండే నిత్యావసరాలు.

అవసాదం అనగా కుంగుబాటు. దానికి వాక్యకారులు చెప్పిన హేతువులు రెండు: దేశకాలాల వైగుణ్యం, శోకవస్తువులను పదేపదే స్మరించడం. ఈ రెండింటివలన పుట్టే దైన్యంచేత మనస్సు తన ప్రకాశాన్ని కోల్పోవడమే అవసాదం. దానినే అభాస్వరత్వమన్నారు. దీపం ఆరిపోవడం కాదు, గాజుబుడ్డికి మసిపట్టడం. లోపల వత్తి వెలుగుతూనే ఉంటుంది, వెలుగు బయటికి రాదు. ఆ మసిని పట్టనీయకపోవడం అనవసాదం. ఈ నిర్వచనంలో గమనింపదగినదేమనగా, "చెడు జరగదని నమ్ము" అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. దేశం ప్రతికూలం కావచ్చును, కాలం ప్రతికూలం కావచ్చును. అది ఒప్పుకొన్న తరువాతనే సాధన మొదలౌతుంది. దేశకాల వైగుణ్యమన్న ఒక్క పదంలో దివిసీమ చరిత్ర సగం ఇమిడియున్నది.

మిగిలిన సగం శోకవస్తు స్మరణం. దానికి ధర్మశాస్త్రం చేసిన ఏర్పాటును ఇక్కడ కొంచెం నిదానంగా చూడవలెను.

ఉప్పెనలో పోయినవారిలో అనేకుల దేహాలు లభించలేదు. లభించినవానిలో అనేకం ఎవరివో తెలియని స్థితిలో సామూహికంగా దహనమైనవి. దేహం లేనిచోట దుఃఖానికి అంతం దొరకదు; తలుపు చప్పుడైనప్పుడెల్లా "వచ్చినాడేమో" అని లేచే ప్రాణం స్థిమితపడదు. ఈ అవస్థను ధర్మశాస్త్రకారులు ఏనాడో ఊహించినారు. మరణం నిశ్చితమై శరీరం లభించనప్పుడు పర్ణనరదాహం విధించినారు. 360 మోదుగాకుల కాడలతో, దర్భలతో, మనుష్యాకృతిని కూర్చి, శిరస్సుకు ఇన్ని, కంఠానికి ఇన్ని, వక్షస్థలానికి ఇన్ని అని లెక్క తప్పక అమర్చి, ఆ ప్రతికృతిని యథావిధిగా దహనం చేస్తారు. దీనిని కేవలం కర్మకాండగా చూచి పక్కకు తోసేవారు ఒక్క క్షణం ఆలోచించవలెను. కుమారుని దేహం సముద్రం పాలైన తండ్రి, తన చేతులతో, ఒక్కొక్క కాడను లెక్కించుకుంటూ ఆ కుమారునికి రూపం కట్టి, అనంతరం దానికి నిప్పు పెడతాడు. లెక్కించే చేతులకు పని ఉన్నది. ఏడ్చే కన్నులకు అనుమతి ఉన్నది. ఏడవవద్దని శాస్త్రం అనలేదు. ఏడ్పుకు ఒక ఆకారం, ఒక అవధి ఇచ్చినది.

ఆ అవధి ముగిసేచోట పదమూడవ దినాన వచ్చే కర్మకు తెలుగుదేశపు వైదిక కుటుంబాలలో ఉన్న పేరు శుభస్వీకారం. ఇతర కుటుంబాలలో పెద్దకర్మ అనీ, దినమనీ, ఆయా ఆచారాలను అనుసరించి వేరువేరు రోజులలో జరుగుతుంది. తాత్పర్యంలో పెద్ద భేదం లేదు. ఆ పేరును ఆలోచించినకొలదీ ఆశ్చర్యం కలుగుతుంది. శుభం కలిగినది అనలేదు. దుఃఖం తీరినది అనలేదు. స్వీకారం అన్నారు. మనస్సు ఇంకా సిద్ధంగా లేకపోయినా, ఆ దినాన కొత్తవస్త్రం కట్టుకొని, పెద్దల ఆశీర్వచనానికి తల వంచవలెను. శుభాన్ని అనుభూతిగా కాక క్రియగా నిర్వచించినారు. క్రియ ముందు; అనుభూతి వెనుక వచ్చినప్పుడు వస్తుంది, సంవత్సరాలు పట్టినా పడుతుంది.

అంతటితో మరచిపొమ్మని కూడా అనలేదు. సంవత్సరానికొకసారి ఆబ్దికం పెట్టినారు. తిథి పాటించే ఇళ్ళలో కార్తిక శుక్లపక్షం వచ్చినదంటే ఆ సీమలో ఎన్నో వాకిళ్ళలో ఒకే సమయానికి పితృకార్యాల సన్నాహం. శోకవస్తు స్మరణమే అవసాదానికి హేతువన్నప్పుడు, దానిని బలవంతంగా నిషేధించక, దానికంటూ ఒక దినాన్ని కేటాయించినారు. ఆ దినం పూర్తిగా పోయినవారిది. కనుక మిగిలిన దినాలు బ్రతికియున్నవారివి కాగలవు. ఆధునికులు ఎన్నో గ్రంథాలలో చెప్పబూనినది ఈ తద్దినపు విస్తరి ముందు కూర్చున్న సామాన్య గృహస్థునికి తెలిసియున్న విషయమే.

ఇక నేల సంగతి. ఉప్పెన వెనుకకు మళ్ళినప్పుడు ఉప్పును పొలాలలో విడిచిపోయినది. ఉప్పు పట్టిన మాగాణిలో వరి మొలవదు. దానికి మందు మంచినీరే. కాలువనీటిని మడిలో నిండుగా పెట్టి, నిలువ ఉంచి, ఉప్పు కరిగిన తరువాత మురుగుకాలువలోనికి వదలవలెను. మరల పెట్టవలెను, మరల వదలవలెను. చవుడు ముదిరినచోట జిప్సం చల్లవలెను. జీలుగ విత్తి, పూతకు వచ్చేలోగా దున్ని భూమిలో కలిపివేయవలెను. ఇందులో ఏ ఒక్క తడితోనూ ఉప్పు పోదు. ఎన్నవ తడికి పోయినదో కూడా ఎవరూ వ్రేలు పెట్టి చూపలేరు. ఏడు సాధనాలలో అభ్యాసం తరువాత క్రియను చెప్పి, వాని వెంట అనవసాదాన్ని ఉంచడంలోని ఔచిత్యం ఈ మడిగట్టు మీద నిలుచుంటే తెలిసినంత స్పష్టంగా పాఠశాలలో తెలియదు. మడి కడిగే రైతు ఆశావాదియా నిరాశావాదియా అని ప్రశ్నించడం వృథా. అతడు నీరు పెడుతున్నాడు.

నేటికీ ఆ సీమలో ఇదే ధోరణి. కొన్ని సంవత్సరాలుగా వరిచేలు రొయ్యల చెరువులుగా మారినవి. నష్టం కూడా కొత్త రూపం ధరించినది. గుడివాడలో చదువుకొని వచ్చి చెరువు వేసిన మనుమడికీ, ఉప్పెన చూచిన తాతకూ మధ్య నాగాయలంక వైపు ఏ చెరువుగట్టు మీదనైనా ఇటువంటి సంభాషణ జరగవచ్చును:

"మొత్తం పోయింది తాతయ్యా."

"మొత్తం అంటే ఏందిరా?"

"రొయ్యంతా పోయింది. తెల్లమచ్చ."

"గట్టు తెగిందా?"

"లేదు."

"తూము?"

"బాగానే ఉంది."

"ఏరేటర్లు?"

"ఉన్నాయి. కరెంటు బిల్లు కూడా ఉంది."

తాత నవ్వుతాడు. "మేతకొట్టు బాకీ, కరెంటు బిల్లు పోయినదాన్లో రాయి. ఉన్నవి ఇంకో కాయితం మీద రాయి. రెండూ ఒక్క కాయితం మీద రాయమాకు, కలిసిపోతాయ్."

ఆ వృద్ధుడు శ్రీభాష్యం విని ఉండడు. మంచి జరుగుతుందని కూడా అతడు చెప్పలేదు. పోయినదీ ఉన్నదీ కలిసిపోయి, ఉన్నది కూడా పోయినట్లు తోచడమే దైన్యమని అతనికి తెలుసును, వానిని వేరుచేసినాడు.

ఈ సందర్భంలో ఒక అపార్థాన్ని తొలగించవలసియున్నది. పతంజలి యోగసూత్రాలలోని ప్రతిపక్షభావనను "చెడు ఆలోచన వస్తే మంచి ఆలోచన చేయడం" అని చెప్పి, పాజిటివ్ థింకింగ్ మన ఋషులే కనిపెట్టినారని ముగించే వ్యాఖ్యానాలు తరచు కనబడుతున్నవి. అది సరికాదు. సాధనపాదంలో ఆ మాట యమనియమాల సందర్భంలో వచ్చినది. హింస, అసత్యం మొదలైన వితర్కాలు మనస్సును లాగుతున్నప్పుడు, వాని ఫలం అంతులేని దుఃఖమూ అజ్ఞానమూ అని తలపోయడమే అక్కడ ప్రతిపక్షభావన. అది తుఫానును గూర్చిన ఊహ కాదు, తన నడవడిని గూర్చిన విచారణ. తుఫాను రాదని భావించడం ప్రతిపక్షభావన కాదు, ప్రమాదం.

ప్రమాదమన్న మాట అలంకారం కాదు. 1990 మే 9న అత్యంత తీవ్రమైన తుఫాను కృష్ణాముఖద్వారానికి సమీపంలోనే తీరం దాటినది. బలంలో అది 1977 నాటిదానికి తీసిపోయేది కాదు. కాని మృతుల సంఖ్య వెయ్యిలోపే నిలిచినది. కారణం, ముందుగా హెచ్చరిక అందినది, లక్షకుపైగా ప్రజలను తీరగ్రామాలనుండి తరలించినారు, ప్రజలు కదలినారు. "ఏమీ కాదులే" అనుకొని ఇంటనే కూర్చున్నవాడు సానుకూల దృక్పథం కలవాడా, లేక "కావచ్చును" అనుకొని మూట కట్టుకొన్నవాడా? ఈనాడు మచిలీపట్నంలో వాతావరణశాఖవారి డాప్లర్ రాడార్ ఉన్నది. ఓడరేవులో ఎన్నవ నంబరు ప్రమాదసూచిక ఎగురుతున్నదో జాలరిపల్లెలలో పిల్లలు సైతం చెప్పగలరు. భయాన్ని అణచుకోవడం వేరు, భయానికి తగిన పని చెప్పడం వేరు. దేవుడే చూచుకొంటాడన్న వాక్యాన్ని సోమరితనానికి కప్పే శాలువగా వాడడం భక్తి అనిపించుకోదు. అట్టి భక్తులు ఎక్కువైన కాలమిది.

సముద్రం ఒక్కటే కాదు, నది కూడా పరీక్షిస్తుంది. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరు ఆరంభంలోనూ ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటినది; దిగువన లంకగ్రామాలు మునిగినవి. రెండువైపుల నీరు ఉన్నవానికి స్థైర్యం ఒక ఆభరణం కాదు, పనిముట్టు.

అనవసాదానికి జంటగా చెప్పిన అనుద్ధర్షాన్ని గూర్చి కూడా చెప్పకపోతే విషయం ఒంటికాలిమీద నిలుస్తుంది. కుంగుబాటుకు విపరీతమైన పొంగుబాటు ఉద్ధర్షం. అది కూడా సాధకునికి విఘ్నమే. గుడివాడ పరిసరాలలో, నందివాడ, ముదినేపల్లి దారులలో చేపల చెరువులు ఆకాశాన్ని ప్రతిబింబిస్తూ బారులు తీరి ఉంటాయి. ఒక పట్టుబడి కలిసివచ్చిన సంవత్సరం కొత్తకారు, మరుసటి సంవత్సరం దాని వాయిదా కట్టలేని తలవంపు. ఈ కథ అక్కడ కొత్తది కాదు. 2025లో అమెరికా సుంకాల వార్త రాగానే తీరమంతటా రొయ్యధర పడినది. వేయి యోజనాల దూరంలో ఎవరో చేసిన సంతకానికి ఇక్కడి గృహస్థుని నిద్ర చెడినది. ధర ఎక్కినప్పుడు పొంగనివాడే, పడినప్పుడు కుంగడు. ఈ రెండూ వేరువేరు గుణాలు కావు, ఒకే త్రాసుకు రెండు సిబ్బెలు.

అనుద్ధర్షంలో మచిలీపట్నవాసులకు లభించినంత శిక్షణ మరెవరికీ లభించియుండదు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు పోటీపడిన రేవు అది. కాలక్రమాన ఓడలు తరలిపోయి "బందరు" అన్న పేరు మాత్రం మిగిలినది. ఆధునిక ఓడరేవుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరొకసారి శంకుస్థాపనలు జరిగినవి. బందరు పెద్దలు ప్రతిసారీ వెళ్ళి, కొబ్బరికాయ కొట్టడం చూచి, ఇంటికి వచ్చి భోజనం చేసినారు. దీనిని నిర్లిప్తత అనవచ్చును, హాస్యం అనవచ్చును. మూడవ పర్యాయం తరువాత పనులు సాగుతున్నవి. అప్పుడు కూడా వారు మితంగానే సంతోషించినారు.

అయితే కుంగుబాటుకన్న, పొంగుబాటుకన్న సూక్ష్మమైన శత్రువు మరొకటి ఉన్నది. తన చెరువు పోవడాన్ని మనుష్యుడు ఎట్లో ఓర్చుకొంటాడు. పక్కచెరువు బాగుండడాన్ని ఓర్చుకోలేడు. గట్టు ఒక్కటే, నీరు ఒక్కటే, అతని రొయ్యకు ధర వచ్చినది, తనది తెల్లమచ్చకు పోయినది. ఇక్కడ పతంజలి సమాధిపాదంలో చెప్పిన చతుర్విధ భావన అక్కరకు వస్తుంది. సుఖించువారియందు మైత్రి, దుఃఖితులయందు కరుణ, పుణ్యాత్ములయందు ముదిత, పాపులయందు ఉపేక్ష, వీనివలన చిత్తప్రసాదం. నాలుగింటిలో మొదట సుఖించువాని పేరెత్తినారు. దుఃఖితునిపై కరుణ సులభం, అది ఇచ్చేవానికి కొంత గౌరవాన్ని కూడా ఇస్తుంది. సుఖించేవానితో స్నేహం చాలా కష్టం. పక్కవాని పట్టుబడినాడు వెళ్ళి, తక్కెడ దగ్గర నిలుచుండి, "బాబాయ్, కౌంటు బాగా వచ్చిందే" అని నిండుమనస్సుతో అనగలగడం ఎన్నో జపాల ఫలం. మొదట నిండుమనస్సు లేకపోయినా వెళ్ళి అనడం మంచిదే. శుభస్వీకారంలో కొత్తవస్త్రం వంటిది అది.

కరుణకు కూడా ఈ ప్రాంతం మంచి ఉదాహరణలనే చూచినది. 1977లో అవనిగడ్డ శాసనసభ్యులు మండలి వెంకటకృష్ణారావుగారు బాధితుల నడుమ చేసిన సేవను ఆ సీమ నేటికీ స్మరిస్తుంది. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు, గుడివాడ చుట్టుపక్కల పల్లెలలోనే పుట్టిన ఆ ఇద్దరు నటులు, వెండితెర దిగి వీథులలో జోలెపట్టి విరాళాలు సేకరించినారు. వేరువేరు సంస్థల కార్యకర్తలు పేరు తెలియని దేహాలకు దహనసంస్కారం చేసినారు. వారిలో ఎవరూ బాధితులకు ఉపన్యాసం ఇచ్చినట్లు వినబడదు. అన్నం పెట్టినారు, గుడ్డ ఇచ్చినారు, కట్టెలు పేర్చినారు.

కృష్ణవేణి సముద్రంలో కలిసే హంసలదీవికి ఒక స్థలపురాణం కలదు. లోకుల పాపాలను స్వీకరించి స్వీకరించి గంగ నల్లబడినదట. కాకి రూపంలో తీర్థాలన్నింటిలో మునుగుతూ తిరుగవలెనని ఆమెకు ఆదేశం. ఏ తీర్థంలో మునిగినా కాకి కాకిగానే ఉన్నది. ఈ సంగమంలో మునిగి లేచినప్పుడు హంస అయినది. కథ చెప్పేవారు హంస వద్ద ఆగిపోతారు. ఇక్కడికి రాకముందు ఆ కాకి ఎన్ని తీర్థాలలో మునిగి, నల్లగానే లేచి, మరల రెక్కలు విదిలించుకొని ఎగిరినదో ఎవరూ లెక్కించరు. మడికి పెట్టిన తడులవలెనే అవి కూడా లెక్కకు రానివి.

మాఘపూర్ణిమనాడు హంసలదీవిలో వేణుగోపాలస్వామివారి దర్శనానికీ, సాగరసంగమ స్నానానికీ జనం వెల్లువగా వస్తారు. 1977లో లేచి వచ్చిన సముద్రమే అది. సంకల్పంలో ప్రతివారూ ముందు తామున్న దేశాన్నీ, కాలాన్నీ పేరుపెట్టి చెప్పుకొంటారు. వైగుణ్యం ఉన్నా లేకున్నా, తాము నిలుచున్నచోటు ఇదియని, ఈ సంవత్సరం, ఈ మాసం, ఈ తిథియని. వృద్ధులు మోకాలిలోతు వరకే దిగుతారు. పిల్లలను చేయి విడువక పట్టుకొంటారు. మూడు మునకలు వేసి, పితరులకు నువ్వులు నీళ్ళు విడిచి, తడిబట్టలతోనే బండ్లు ఎక్కుతారు. ఎక్కువసేపు ఉండడానికి వీలులేదు. వరికోతకు రెండుమూడు దినాల ముందు, ఇంకా నిలిచియున్న పైరులోనే చల్లిన మినుము ఈపాటికి కాయ ఎండి ఉంటుంది; ఎండ ముదిరితే చేలోనే చిట్లిపోతుంది.